ఐ-స్టార్ మోడల్ గీశాక ఏ ఏజెంట్ భాషలో రాయాలి? కాన్‌గోలాగ్, జేసన్, ట్రిపుల్-ఏపీఎల్, ట్రోపోస్ మధ్య ఎంపిక

ఏజెంట్ మోడలింగ్ మీద ప్రాజెక్టు తీసుకున్నవాళ్లు చాలామంది ఒకేచోట ఆగిపోతుంటారు. (ఏజెంట్ అంటే ఇక్కడ తనకంటూ లక్ష్యాలుండి సొంతంగా నిర్ణయించుకునే ప్రోగ్రాం.) ఎవరికి ఏం కావాలో, ఎందుకు కావాలో చూపించే మోడలింగ్ పద్ధతి ఐ-స్టార్ (i*). ఆ బొమ్మ గీయడం త్వరగానే పట్టుబడుతుంది. ఎవరు ఎవరి మీద దేనికోసం ఆధారపడ్డారో కాగితం మీద చక్కగా కనిపిస్తుంది. ఆ తర్వాత గైడ్ అడిగేది ఒకటే: "బాగానే ఉంది, దీన్ని నడిపి చూపించగలవా?" టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఐ-స్టార్ తనంతట తాను నడవదు. నడవాలంటే దాన్ని ఏదో ఒక ఏజెంట్ ప్రోగ్రామింగ్ భాషలోకి దించాలి. అలాంటి భాషలేమో చాలా ఉన్నాయి. ఒక్కో పరిశోధన బృందం ఒక్కో భాషతో జత కట్టింది. ఏ పేపరు చదివితే అదే సరైన దారి అనిపిస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భాష సింటాక్స్ చూసో, పేరు చూసో ఎంచుకోకండి. బొమ్మలో ఉన్న "ఎందుకు" అనేది కోడ్‌లోకి వెళ్లాక ఎంత మిగులుతుందో చూసి ఎంచుకోండి. ఐ-స్టార్ వాడేదే ఆ "ఎందుకు" కోసం. అది కోడ్‌లో కనిపించకుండా పోయేటట్టయితే మొదటే ఫ్లోచార్ట్ గీసుకుంటే సరిపోయేది.

## ముందు ఐ-స్టార్ ఏం ఇస్తుందో చూద్దాం

ఐ-స్టార్‌ను టొరంటో విశ్వవిద్యాలయంలో ఎరిక్ యూ 1995లో తన పీహెచ్‌డీ పరిశోధనలో రూపొందించారు. ఇందులో రెండు రకాల బొమ్మలుంటాయి. మొదటిదాంట్లో యాక్టర్లు (మనుషులు, సంస్థలు, ప్రోగ్రాంలు), వాళ్ల మధ్య ఆధారాలు (డిపెండెన్సీలు) ఉంటాయి. రెండోది ఒక్కో యాక్టర్ లోపలికి వెళ్లి, ఆ యాక్టర్‌కు ఏం కావాలి, దాన్ని ఏయే దారుల్లో సాధించుకోవచ్చు, ఏ దారి వల్ల ఏం లాభం, ఏం నష్టం అన్నది చూపిస్తుంది. 2016లో వచ్చిన ఐ-స్టార్ 2.0 ఈ గుర్తులను కొంత తగ్గించి, ఒక క్రమంలో పెట్టింది. ఎంత తీరితే చాలో కచ్చితమైన గీత లేని లక్ష్యానికి సాఫ్ట్‌గోల్ అన్న పేరు పోయి క్వాలిటీ అన్న పేరు వచ్చింది కూడా అప్పుడే. వాడుకలో ఇంకా సాఫ్ట్‌గోల్ అనే అంటున్నారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

ఆధారాలు నాలుగు రకాలు. ఈ తేడా బాగా పట్టుకుంటే మిగతాదంతా సులువు.

లక్ష్యం కోసం ఆధారపడితే "ఎలా చేస్తావో నీ ఇష్టం, నాకు ఫలితం కావాలి" అని అర్థం. పని కోసం ఆధారపడితే "ఇదిగో, ఈ పద్ధతిలోనే చెయ్యి" అని. వనరు కోసమైతే ఒక వస్తువో సమాచారమో అందాలి, అంతే. సాఫ్ట్‌గోల్ విషయంలో మాత్రం ఎంత చేస్తే చాలు అన్న గీత ముందుగా ఉండదు. చేసేవాళ్లు దారులు చూపిస్తారు, సరిపోయిందో లేదో తేల్చేది ఆధారపడ్డవాళ్లే.

ఈ రంగంలో అందరూ వాడే ఉదాహరణ మీటింగ్ షెడ్యూలర్. యూ కూడా 1997లో తన విధానాన్ని దీంతోనే వివరించారు. మీటింగ్ పెట్టాలనుకునే వ్యక్తి, పాల్గొనేవాళ్లు, వాళ్లలో రాకపోతే కుదరని ముఖ్యులు, మధ్యలో ఒక షెడ్యూలర్ ప్రోగ్రాం ఉంటారు. తేదీ కుదరాలన్న లక్ష్యం కోసం పెట్టే వ్యక్తి షెడ్యూలర్ మీద ఆధారపడతాడు. ఖాళీ తేదీలు ఎక్కించే పని కోసం షెడ్యూలర్ పాల్గొనేవాళ్ల మీద ఆధారపడుతుంది. ప్రతిపాదించిన తేదీ అనే వనరు కోసం వాళ్లు షెడ్యూలర్ వైపు చూస్తారు, వాళ్ల ఒప్పుకోలు అనే వనరు కోసం షెడ్యూలర్ వాళ్ల వైపు చూస్తుంది. ముఖ్యమైన వ్యక్తి తప్పకుండా వస్తాడన్న భరోసా సాఫ్ట్‌గోల్. చిన్న ఉదాహరణే, కానీ నాలుగు రకాల ఆధారాలూ ఇందులో ఉన్నాయి. కింద ప్రతి జోడీనీ దీని మీదే పెట్టి చూస్తాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను ఐదు విషయాలు చూడమంటాను. వీటిలో మొదటి రెండిటికీ బరువు ఎక్కువ.

1. లక్ష్యం లక్ష్యంగా మిగులుతుందా? "తేదీ కుదరాలి" అన్నది కోడ్‌లో కూడా ఏజెంట్‌కు తెలిసిన కోరికగా ఉంటుందా, లేక "అందరికీ మెయిల్ పంపు, జవాబులు చూడు" అనే పనుల వరుసగా మారిపోతుందా?
2. సాఫ్ట్‌గోల్ ఎక్కడికి పోతుంది? చాలా జోడీల్లో ఇది దారిలోనే జారిపోతుంది.
3. ఆధారం ఎలా మారుతుంది? నాలుగు రకాల ఆధారాలకూ కోడ్‌లో తేడా కనిపిస్తుందా? అవతలివాళ్లు మాట తప్పితే ఏమవుతుంది?
4. నడపాలా, నిరూపించాలా? ఈ రెండూ వేర్వేరు అవసరాలు. రెండూ ఒకే పనిముట్టుతో తీరడం అరుదు.
5. మోడల్ మారితే కోడ్ ఎంత మారాలి? అవసరాలు మారడం మామూలే. మారినప్పుడల్లా మొత్తం తిరగరాయాల్సి వస్తే, కొన్నాళ్లకు బొమ్మను పక్కన పడేస్తారు.

నేర్చుకోవడానికి పట్టే సమయం, పనిముట్లు ఇప్పుడు దొరుకుతున్నాయా లేదా అన్నవి కూడా చూడాలి. వాటిని ఆయా చోట్ల చెబుతాను. కింది పట్టికలోని భాషలను కూడా తర్వాత ఒక్కొక్కటిగా వివరిస్తాను. ప్రస్తుతానికి ఇది చాలు: ప్రోలాగ్ లాజిక్ ప్రోగ్రామింగ్ భాష, సిట్యుయేషన్ క్యాలిక్యులస్ చర్యలవల్ల ప్రపంచం ఎలా మారుతుందో రాసే లాజిక్, పీవీఎస్ నిరూపణలు చేసే పనిముట్టు, మోడల్ చెకింగ్ అంటే సాధ్యమైన స్థితులన్నిటినీ యంత్రంతో పరిశీలించడం.

| | కాన్‌గోలాగ్ | సీఏఎస్ఎల్ | జేసన్ | ట్రిపుల్-ఏపీఎల్ | ఫార్మల్ ట్రోపోస్ |
|---|---|---|---|---|---|
| లక్ష్యం మిగులుతుందా | లేదు, పనుల్లో కలిసిపోతుంది | అవును, బలంగా | మనం జాగ్రత్తపడితే | అవును | అవును |
| సాఫ్ట్‌గోల్ | సాధారణంగా వదిలేస్తారు | వదిలేస్తారు | ప్లాన్ లేబుల్‌లో దాచవచ్చు | నేరుగా చోటు లేదు | ప్రధానంగా తీరిందో లేదో తేల్చగలిగే లక్ష్యాలకే |
| నడుస్తుందా | అవును, ప్రోలాగ్‌లో | లేదు | అవును, జావా మీద | అవును | లేదు, తనిఖీ మాత్రమే |
| నిరూపణ | సిట్యుయేషన్ క్యాలిక్యులస్‌లో చేయొచ్చు | పీవీఎస్‌తో | విడి పనిముట్లు కావాలి | పరిమితం | మోడల్ చెకింగ్ |
| నేర్చుకోవడం | మధ్యస్థం, లాజిక్ రావాలి | కష్టం | సులువు | మధ్యస్థం | మధ్యస్థం |

ఈ పట్టిక చూసి వెంటనే తేల్చుకోకండి. ప్రతి గడి వెనకా ఒక "కానీ" ఉంది.

## ఐ-స్టార్ + ఏజెంట్‌స్పీక్, అంటే జేసన్

ఎక్కువమందికి నేను చూపించే దారి ఇదే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఏజెంట్‌స్పీక్‌ను ఆనంద్ రావు 1996లో ప్రతిపాదించారు. నమ్మకం, కోరిక, సంకల్పం అనే మూడింటి మీద నిలిచే బీడీఐ నమూనాను నడిచే భాషగా మార్చడం దాని ఉద్దేశం. దాన్ని జావా మీద పూర్తిస్థాయి భాషగా తీర్చిదిద్దింది జేసన్ (Jason, డేటా ఫార్మాట్ JSON కాదు). ఓపెన్ సోర్స్‌గా దొరుకుతుంది. బోర్డిని, హబ్నర్, ఊల్డ్‌రిడ్జ్ దీని మీద 2007లో రాసిన పుస్తకం కూడా ఉంది.

జేసన్‌లో ప్రతి ప్లాన్‌కూ మూడు భాగాలు. ఏం జరిగితే, ఏ పరిస్థితిలో, ఏం చెయ్యాలి. అసలు భాషలో ఆదేశాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఇక్కడ అర్థం కావడానికి తెలుగు పేర్లతో రాస్తున్నాను. మ అంటే మీటింగ్, ష అంటే షెడ్యూలర్, @ తర్వాత ఉన్నది ప్లాన్ లేబుల్.

```
@స్వయంగా[శ్రమ(ఎక్కువ), వేగం(తక్కువ)]
+!తేదీ_కుదరాలి(మ) : కొద్దిమందే(మ)
   <- !అందరినీ_అడుగు(మ);
      ?కుదిరింది(మ).

@షెడ్యూలర్_ద్వారా[శ్రమ(తక్కువ), వేగం(ఎక్కువ)]
+!తేదీ_కుదరాలి(మ) : షెడ్యూలర్_ఉంది(ష)
   <- .పంపు(ష, సాధించు, తేదీ_ఖరారు(మ));
      .వేచి_ఉండు(కుదిరింది(మ), గడువు);
      ?కుదిరింది(మ).

-!తేదీ_కుదరాలి(మ) : true
   <- !వేరే_దారి(మ).
```

ఐ-స్టార్‌లో ఒకే లక్ష్యానికి రెండు దారులు ఉన్నాయనుకోండి, ఇక్కడ ఒకే లక్ష్యానికి రెండు ప్లాన్లుగా అవి అలాగే కనిపిస్తాయి. బొమ్మనూ కోడ్‌నూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చూపించవచ్చు. ఇదే ఈ జోడీ పెద్ద బలం.

పైన మొదటి రెండు ప్లాన్ల చివర ప్రశ్నార్థకంతో ఉన్న వాక్యాన్ని గమనించండి. ఏజెంట్‌స్పీక్ పుట్టుకలోనే ఒక లోపం ఉంది. ప్లాన్‌లోని పనులన్నీ చేసేస్తే చాలు, లక్ష్యం నెరవేరిందని అది అనుకుంటుంది. నిజంగా తేదీ కుదిరిందో లేదో చూడదు. అంటే మన మొదటి కొలతలో జేసన్ ఉన్నదున్నట్టుగా వాడితే ఓడిపోతుంది. చివర ఆ పరీక్ష పెడితే, కుదరకపోయినప్పుడు ప్లాన్ విఫలమవుతుంది, కింద ఉన్న వైఫల్యం ప్లాన్ అందుకుంటుంది. ఇప్పటికే కుదిరిపోయి ఉంటే ఏమీ చేయనక్కర్లేదని చెప్పే ప్లాన్ ఒకటి మొదట్లో చేర్చితే ఇంకా మంచిది. ఐ-స్టార్‌లో లక్ష్యంగా గీసిన ప్రతిదానికీ ఈ పరీక్ష పెట్టండి, పనిగా గీసినదానికి వద్దు. అలా చేస్తే బొమ్మలోని లక్ష్యానికీ పనికీ ఉన్న తేడా కోడ్‌లోనూ బతుకుతుంది.

రెండోది సాఫ్ట్‌గోల్. మామూలుగా జేసన్‌లో రెండు ప్లాన్లు వర్తిస్తే ఫైల్లో ముందున్నదాన్ని ఎంచుకుంటుంది. అంటే ఏ దారి మంచిదన్న నిర్ణయం మనం ఏది ముందు టైపు చేశామన్నదాని మీద పడుతుంది. ఐ-స్టార్ స్ఫూర్తికి ఇంతకంటే విరుద్ధమైనది ఇంకోటి లేదు. దీనికి మందు జేసన్‌లోనే ఉంది. పైన చూపినట్టు ప్లాన్ లేబుల్‌లో ఆ దారి ఏ సాఫ్ట్‌గోల్‌కు సాయమో, ఏదానికి అడ్డమో రాసుకోవచ్చు. వర్తించే ప్లాన్లలో ఒకదాన్ని ఎంచే పద్ధతిని జావాలో మనం మార్చుకోవచ్చు. ఆ పద్ధతిలో లేబుళ్లు చదివి, ఇప్పుడు వేగం ముఖ్యమా, శ్రమ తగ్గడం ముఖ్యమా అన్న ఏజెంట్ ప్రాధాన్యాన్ని బట్టి ఎంచుకునేలా రాస్తే సాఫ్ట్‌గోల్ కోడ్‌లో బతికే ఉంటుంది. కొద్దిపాటి జావా కోడ్‌తోనే పని అయిపోతుంది. కానీ చాలా ప్రాజెక్టుల్లో దీన్ని వదిలేస్తారు. దయచేసి వదలకండి.

ఇక ఆధారాలు. జేసన్‌లో ఏజెంట్లు ఒకరికొకరు పంపుకునే సందేశాలకు రకాలున్నాయి. లక్ష్యం కోసం ఆధారపడితే అచీవ్ సందేశం. పని కోసమైతే, పద్ధతిని కూడా మనమే చెప్పాలి కాబట్టి ప్లాన్‌నే పంపించే టెల్‌హౌ సందేశం. వనరుకు టెల్ లేదా ఆస్క్‌వన్. ఇలా మూడు రకాలకూ తేడా కోడ్‌లో నిలుస్తుంది. సాఫ్ట్‌గోల్ ఆధారానికి నేరుగా సందేశం లేదు. దాన్ని ఇలా రాయమంటాను: చేసే ఏజెంట్ రెండు మూడు దారులు సూచిస్తుంది, అడిగిన ఏజెంట్ వాటిలో ఒకటి ఒప్పుకుంటుంది. తుది మాట ఆధారపడ్డవాళ్లదే అన్న నియమం అలా నిలుస్తుంది.

ఐ-స్టార్‌లో కీలకం అని గుర్తుపెట్టిన ఆధారం ఉంటే గడువు, వైఫల్యం ప్లాన్ రెండూ తప్పనిసరి అనుకోండి. ముఖ్యమైన వ్యక్తి జవాబివ్వకపోతే షెడ్యూలర్ ఎదురుచూస్తూ కూర్చునే ప్రోగ్రాంలు చాలానే వస్తుంటాయి. ఆధారపడటమంటే దెబ్బ తగలొచ్చని ఒప్పుకోవడం. బొమ్మ చెప్పేది అదే, కోడ్ కూడా అదే చెప్పాలి.

యాక్టర్ల మధ్య పాత్రలు, పదవులు ఎక్కువగా ఉన్న పెద్ద మోడల్ అయితే జేసన్ ఒక్కటే చాలదు. జేసన్, కార్టాగో (ఏజెంట్లు పంచుకునే పర్యావరణం రాసేది), మోయిజ్ మూడూ కలిసిన జాకామో వైపు చూడండి. పాత్ర, బాధ్యత, నియమం అనేవాటిని మోయిజ్‌లో విడిగా రాయొచ్చు కాబట్టి ఐ-స్టార్‌లోని పాత్రలు ఏజెంట్ కోడ్‌లో కలిసిపోకుండా ఉంటాయి.

జేసన్ బలహీనత నిరూపణ. జావా పాత్‌ఫైండర్ మీద కట్టిన ఏజేపీఎఫ్ లాంటి మోడల్ చెకర్లు బీడీఐ భాషలకు ఉన్నాయి, కానీ స్థితుల సంఖ్య పెరిగేకొద్దీ అవి చాలా నెమ్మదిస్తాయి. అసలు ప్రశ్న "ఇది ఎప్పటికీ తప్పదని నిరూపించగలమా" అన్నదైతే కింది దారులు చూడాలి.

## ఐ-స్టార్ + కాన్‌గోలాగ్, దాని తర్వాతి సీఏఎస్ఎల్

కాన్‌గోలాగ్ సిట్యుయేషన్ క్యాలిక్యులస్ మీద నిలిచిన భాష. ద జాకొమో, లెస్పెరాన్స్, లెవెక్ 2000లో దీన్ని పూర్తి రూపంలో ప్రచురించారు. ఇక్కడ ముందుగా ప్రపంచాన్ని లాజిక్‌లో వర్ణించాలి. ఏ పని ఎప్పుడు సాధ్యం, చేస్తే ఏం మారుతుంది, మొదట్లో పరిస్థితి ఏమిటి. ఆ వర్ణన మీద ప్రోగ్రాం రాస్తాం. వరుసగా చెయ్, ఈ రెండిట్లో ఏదో ఒకటి చెయ్, రెండూ ఒకేసారి చెయ్, దీనికి ప్రాధాన్యమిస్తూ రెండూ చెయ్, ఇది జరిగితే అన్నీ ఆపి దీన్ని చూడు అని చెప్పే వీలు అందులో ఉంది.

టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయం నుంచి 2001లో వచ్చిన పని ఐ-స్టార్‌ను దీనితో ముడిపెట్టింది. చేసేది ఏమిటంటే, ఐ-స్టార్ లోపలి బొమ్మ మీద అదనపు గుర్తులు పెడతారు. ఈ ఉపపనులు వరుసగానా, సమాంతరంగానా, ఈ లింకు ఏ షరతు మీద, ఇది ఎన్నిసార్లు. గుర్తులు పెట్టాక ప్రతి యాక్టర్ ఒక ప్రొసీజర్‌గా, ప్రతి పని ఇంకో ప్రొసీజర్ లేదా ప్రాథమిక చర్యగా మారుతుంది.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఆ మధ్య మెట్టు. ఐ-స్టార్‌లో సహజంగా లేని కాలక్రమాన్ని కోడ్‌లో గుట్టుగా కలపకుండా, బొమ్మ మీదే రాసి పెడతారు. మీటింగ్ ఉదాహరణలో, తేదీలు సేకరించే పని సాగుతుండగా ఎవరైనా "నేను రాలేను" అంటే ఏది ఆగాలి, ఏది సాగాలి అన్నది ప్రాధాన్యంతో కూడిన సమాంతరత గుర్తుతో బొమ్మలోనే తేలిపోతుంది. మీరు జేసన్ ఎంచుకున్నా సరే, ఈ గుర్తులు పెట్టే అలవాటును అక్కడికి తెచ్చుకోండి.

కష్టం ఎక్కడంటే, లక్ష్యాలు ఇక్కడ పనుల్లో కలిసిపోతాయి. నడిచే సమయంలో ఏజెంట్‌కు "నాకు ఇది కావాలి" అన్న స్పృహ ఉండదు. సాఫ్ట్‌గోల్స్ అయితే దారులు ఎంచుకున్నాక తొలగించేస్తారు. ఈ లోటు తీర్చడానికే అదే బృందం సీఏఎస్ఎల్ వైపు వెళ్లింది. అందులో ఏజెంట్‌కు ఏం తెలుసు, ఏం కావాలి అన్నది లాజిక్‌లో భాగం. ఒక ఏజెంట్ ఇంకొకరిని అడిగితే అవతలివారి కోరికలు మారతాయి, సమాచారం ఇస్తే తెలిసినవి మారతాయి. 2006 నాటికి ఐ-స్టార్ లక్ష్యాలను లక్ష్యాలుగానే సీఏఎస్ఎల్‌లోకి దించే పద్ధతి వచ్చింది. మొదటి కొలతలో దీన్ని మించినది నాకు కనిపించలేదు.

దానికి చెల్లించే మూల్యం పెద్దది. సీఏఎస్ఎల్ నడిపి చూసే భాష కాదు. పీవీఎస్ అనే థియరం ప్రూవర్‌తో మనమే ఒక్కో అడుగూ నడిపిస్తూ నిరూపించాలి. తెలిసినవి, కావాల్సినవి గురించి తర్కించే మోడల్ (modal) లాజిక్ ముందుగా రానివాళ్లకు ఒక సెమిస్టర్ నేర్చుకోవడానికే పోతుంది.

కాన్‌గోలాగ్‌తోనే జర్మనీలోని ఆహెన్‌లో ఇంకో దారి పట్టారు. సంస్థల నెట్‌వర్క్‌లలో నమ్మకం, అపనమ్మకం ఎలా పెరుగుతాయో చూడటానికి ఐ-స్టార్ మోడళ్లను కాన్‌గోలాగ్‌లో నడిపి సిమ్యులేషన్ చేశారు. మీ ఆసక్తి సాఫ్ట్‌వేర్ కట్టడం కాకుండా సంస్థ ఎలా నడుచుకుంటుందో ముందుగా అంచనా వేయడమైతే, ఆ పని చదవడం నుంచి మొదలుపెట్టండి.

## ఐ-స్టార్ + ట్రిపుల్-ఏపీఎల్

ఇది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ బృందం భాష. హిండ్రిక్స్, సహచరులు 1999లో ప్రచురించారు. దాని తర్వాతి రూపాల్లో నమ్మకాలు, లక్ష్యాలు, ప్లాన్లు మూడూ విడివిడి అరల్లో ఉంటాయి. దీనికే ప్రత్యేకమైన సంగతి ప్లాన్‌ను మధ్యలో సవరించే నియమాలు. "ఇలాంటి ప్లాన్ నడుస్తూ ఉంటే, ఫలానా విషయం తెలిస్తే, దాన్ని ఇలా మార్చు" అని రాయొచ్చు. ఒకరు రాలేనన్నారని మొత్తం మీటింగ్ ప్లాన్‌ను విఫలం చేయకుండా, మిగిలిన భాగాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. జేసన్‌లో దీన్ని వైఫల్యం ప్లాన్లతో చుట్టుతిరిగి రాయాలి.

మోడల్‌నూ ప్రోగ్రాంనూ కలిపి పెంచే విషయంలో ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయంలో ఆదిత్య ఘోష్, సహచరుల కృషి చదవదగ్గది. వాళ్లు ప్రతి ఐ-స్టార్ యాక్టర్‌నూ ఒక ట్రిపుల్-ఏపీఎల్ ఏజెంట్‌గా మార్చి, పర్యావరణాన్ని అనుకరించే ప్రత్యేక ఏజెంట్ ఒకటి పక్కన పెట్టారు. యాక్టర్ల చర్యల వల్ల ప్రపంచం ఎలా మారుతుందో దానికి తెలుసు. ఒక ఆధారం ఎప్పుడు పుట్టాలి, ఎప్పుడూ ఏది నిజంగా ఉండాలి, ఎప్పుడు నెరవేరినట్టు అన్న షరతులను కూడా అదే పరీక్షిస్తుంది. ఏజెంట్ కోడ్‌లోకి షరతులు చల్లకుండా ఒకచోట ఉంచడం మంచి ఆలోచన. జేసన్‌లో కూడా ఇలాంటి పర్యవేక్షక ఏజెంట్‌ను సులువుగా రాయొచ్చు.

ఐదో కొలత గురించి గట్టిగా ఆలోచించింది కూడా ఈ బృందమే. మోడల్ మారితే ప్రోగ్రాంలో ఏ భాగం మారాలి, ప్రోగ్రాంలో కొత్త నియమం చేర్చితే బొమ్మలో ఏది చేరాలి అన్నది రెండువైపులా చూశారు. పద్ధతి తీసుకోండి. భాష విషయంలో మాత్రం ఆలోచించండి. ఉట్రెక్ట్‌లో పని తర్వాత డబుల్-ఏపీఎల్‌లోకి మళ్లింది, ఈరోజు సాయం అడగడానికి జేసన్ వాడేవాళ్లే ఎక్కువ దొరుకుతారు. ప్లాన్ సవరణ మీదే పరిశోధన చేస్తున్నారు అంటే తప్ప కొత్త ప్రాజెక్టుకు దీన్ని ఎంచుకోమనలేను.

## ట్రోపోస్

ట్రోపోస్ భాష కాదు, ఐ-స్టార్ గుర్తులతో తొలి అవసరాల నుంచి కోడ్ దాకా నడిపించే ఐదు దశల పద్ధతి. ట్రెంటో, టొరంటో పరిశోధకుల పని, 2004లో సమగ్రంగా ప్రచురితమైంది. చివరి దశలో మొదట జాక్ అనే ఏజెంట్ వేదిక వాడారు, అది వాణిజ్య ఉత్పత్తి. తర్వాత ట్రోపోస్ మోడల్ నుంచి జేడెక్స్ అనే ఇంకో ఏజెంట్ వేదికకు కోడ్ చట్రం పుట్టించే పనిముట్టు వచ్చింది. అడుగడుగునా ఏం చేయాలో చెప్పే పుస్తకం లాంటిది కావాలనుకునే టీములకు ఇది నప్పుతుంది.

దీని సోదరి ఫార్మల్ ట్రోపోస్ వేరే సంగతి. బొమ్మలోని లక్ష్యాలకు, ఆధారాలకు కాలిక లాజిక్‌లో (ఏది ఎప్పుడు, ఎప్పటికీ నిజమో చెప్పే లాజిక్) షరతులు రాసి, న్యూఎస్ఎంవీ మోడల్ చెకర్‌తో తనిఖీ చేస్తారు. నడిచే ఏజెంట్ ఇందులో రాదు. కానీ "అందరూ తేదీ ఒప్పుకున్నాక కూడా మీటింగ్ కుదరని సందర్భం ఉందా" అని అడిగితే, ఉంటే ఆ వరుసను అడుగు అడుగుగా చూపిస్తుంది. తనిఖీ పరిమిత సంఖ్యలో ఉన్న వ్యక్తుల మీద, మీటింగుల మీదే జరుగుతుంది. ఇద్దరు ముగ్గురితో చూసినా అవసరాల్లోని తప్పులు చాలావరకు బయటపడతాయి. కోడ్ రాయకముందే తప్పు పట్టుకోవడానికి ఇంతకంటే చవకైన దారి తెలియదు.

## ఈరోజు "ఏజెంట్" అంటే పెద్ద భాషా మోడల్ (ఎల్ఎల్ఎం) కదా?

చాలామంది ఇప్పుడు ఇదే అడుగుతున్నారు. ఐ-స్టార్ బొమ్మ ఆ ఏజెంట్లకు కూడా పనికొస్తుంది. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు, ఎవరు మాట తప్పితే ఎవరికి దెబ్బ అన్న ప్రశ్నలు మారవు. కానీ ప్రాంప్ట్‌లో లక్ష్యం రాసినంత మాత్రాన అది లాజిక్‌లో కచ్చితంగా నిర్వచించిన అర్థం ఉన్న లక్ష్యం కాదు. ఎప్పుడు వదిలేయాలి, ఎప్పుడు మళ్లీ ప్రయత్నించాలి అన్నదానికి హామీ ఉండదు. నా సలహా: నిర్ణయాల చట్రం జేసన్‌లో ఉంచండి, మెయిల్ చదివి ఖాళీ తేదీలు పట్టడం లాంటి పనిని మాత్రం ప్లాన్ లోపలి చర్యగా భాషా మోడల్‌కు అప్పగించండి. అది ఇచ్చిన జవాబును ఏజెంట్ నమ్మకాల్లో చేర్చేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో మూలం గుర్తు తప్పక పెట్టండి. జేసన్‌లో నమ్మకాలకు మూలం రాసే సౌకర్యం ముందు నుంచీ ఉంది.

## ఎవరికి ఏది

ఎంటెక్ లేదా చివరి ఏడాది బీటెక్, ఒకటి రెండు సెమిస్టర్లు. జేసన్. మోడల్ గీయడానికి బ్రౌజర్‌లోనే పనిచేసే పైస్టార్ చాలు. నాలుగైదు యాక్టర్లకు మించకండి. సాఫ్ట్‌గోల్‌ను ప్లాన్ లేబుళ్లలో నిలబెట్టి, ప్రాధాన్యం మారితే ఏజెంట్ వేరే దారి ఎంచుకుంటుందని వైవాలో నడిపి చూపించండి. "నడిపి చూపించగలవా" అన్న ప్రశ్నకు అంతకంటే గట్టి జవాబు లేదు.

పీహెచ్‌డీ, లాజిక్ మీద మక్కువ ఉన్నవాళ్లు. సీఏఎస్ఎల్, కాన్‌గోలాగ్ రెండూ చదవండి. ఇక్కడ ఖాళీగా మిగిలిన నేల సాఫ్ట్‌గోల్‌దే. లాజిక్‌లో దానికి సరైన చోటు వెతకడం ఇప్పటికీ మంచి పరిశోధన సమస్య.

కంపెనీలో అవసరాలు రాసే అనలిస్టులు. మీకు ఏజెంట్ భాష బహుశా అక్కర్లేదు. ఐ-స్టార్ గీసి, ప్రమాదకరం అనిపించిన రెండు మూడు ఆధారాలను మాత్రం ఫార్మల్ ట్రోపోస్ తరహాలో పరీక్షించండి. ఎప్పుడు పుడుతుంది, ఎప్పుడు తీరుతుంది, తీరకపోతే ఎవరు చూసుకుంటారు. ఈ మూడు ప్రశ్నలు పద్ధతిగా అడిగినా సగం లాభం వస్తుంది. ఒక్కరే యాక్టర్ ఉన్న, ఎవరి మీదా ఆధారపడని సిస్టమ్ అయితే ఇదంతా వద్దు, మామూలు డిజైన్ సరిపోతుంది.

పాఠం చెప్పేవాళ్లు. లక్ష్యం అంటే ఏమిటో విద్యార్థులకు స్పష్టంగా చూపించడమే ముఖ్యమైతే, జేసన్‌కు ముందు గోల్ అనే భాష కూడా పరిశీలించండి. ఉట్రెక్ట్ బృందం నుంచే వచ్చింది. అందులో లక్ష్యం అంటే ప్రపంచం ఎలా ఉండాలో చెప్పే వాక్యం. అది నిజమైందని ఏజెంట్ నమ్మగానే లక్ష్యాల జాబితాలోంచి దానంతట అదే తొలగిపోతుంది. ఐ-స్టార్‌లోని లక్ష్యానికీ పనికీ తేడా ఆ ఒక్క ప్రయోగంతో అర్థమైపోతుంది. ఆ తర్వాత జేసన్‌కు వస్తే, ప్లాన్ చివర ఆ పరీక్ష ఎందుకు పెట్టాలో మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు.